‘ఆడింది నేను కాదు’ అంటే బ్యాన్ పోతుందా?

హనుమకొండ, కాజీపేట కుర్రాళ్ల గేమింగ్ గ్రూపుల్లో ఐడీ, అంటే గేమ్ ఖాతా, గురించి ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఐడీ దోస్తుకి ఇస్తే ఏం కాదు. పైసలు పెట్టింది మనం, ఐడీ మనది. ఎవరు ఆడుతున్నరో కంపెనీకి తెల్వది. ఒకవేళ బ్యాన్ పడ్డా, ఆడింది నేను కాదని మెయిల్ పెడితే తీసేస్తరు." ఇది నమ్మి నష్టపోయినవాళ్లను దగ్గర నుంచి చూశాను. అందుకే రాస్తున్నాను.

ఎక్కువ నష్టం చేస్తున్నది చివరి మాట. ముందు దాని సంగతే చూద్దాం.

మా చిన్నమ్మ కొడుకు నయీంనగర్‌లో రూమ్ తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు. దసరా సెలవులకు ఏటూరునాగారం వైపు ఊరికి పోయాడు. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు, సీజన్ ఏమో అయిపోవస్తోంది. ర్యాంక్ పడిపోతుందన్న టెన్షన్‌తో కరీంనగర్‌లో ఉన్న దోస్తుకి ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఆ దోస్తు హ్యాక్ (గేమ్‌లో మోసం చేయడానికి వాడే సాఫ్ట్‌వేర్) వేసి ఆడాడు. పండుగ అయ్యి వచ్చి చూస్తే పదేళ్ల బ్యాన్. "అన్నా, నేనైతే ఆడనే లేదు, ఊర్ల ఉన్న. వాళ్లకు ఎట్ల చెప్పాలె?" అని ఏడ్చినంత పని చేశాడు. మూడుసార్లు మెయిల్ పెట్టాం. ఖాతాలో జరిగిన ప్రతిదానికీ ఖాతాదారుడిదే బాధ్యత అన్న ఒకే జవాబు మూడుసార్లూ వచ్చింది.

నాకు బాధగానే ఉంది, కానీ ఆ జవాబులో న్యాయం ఉంది. హ్యాక్ వేసి దొరికిన ప్రతివాడూ చెప్పేది "మా దోస్తు ఆడాడు" అనే. దాన్ని ఒప్పుకుంటే ఒక్క బ్యాన్ కూడా నిలవదు. చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే బ్యాటిల్ రాయల్ మ్యాచ్‌లో వంద మంది దాకా ఉంటారు. ఒక్కడు గోడల అవతల నుంచే అందరినీ చూస్తూ కాలిస్తే మిగతా వాళ్ల ఆట పాడైనట్టే. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో అయితే ఫ్యామిలీ షేరింగ్‌కు, అంటే మన గేములు ఇంట్లోవాళ్లు ఆడుకోవడానికి, కంపెనీయే అనుమతి ఇస్తుంది. అక్కడ కూడా మీ గేమ్ కాపీతో కుటుంబసభ్యుడు చీటింగ్ చేసి బ్యాన్ అయితే, ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది. ఈ నియమం బహిరంగంగానే రాసి ఉంది.

"కంపెనీకి తెల్వది" అన్నది సగం నిజం కూడా కాదు. లాగిన్ అయిన ప్రతిసారీ ఏ ఫోన్, ఏ నెట్‌వర్క్, ఏ సమయం అన్నది సర్వర్‌కు చేరుతుంది. పొద్దున హనుమకొండలో ఒక ఫోన్, పది నిమిషాలకే కరీంనగర్‌లో ఇంకో ఫోన్ కనిపిస్తే అర్థం చేసుకోవడం కష్టం కాదు. కేవలం షేర్ చేసినందుకే ప్రతివాడికీ బ్యాన్ పడుతుందని నేను అనను, చాలామందికి పడదు. హాస్టల్లో ఒకే వైఫై మీద పది మంది ఎవరి ఐడీతో వాళ్లు ఆడుకుంటే అది షేరింగే కాదు, దానికి భయపడక్కర్లేదు.

ఇక "ఐడీ మనది" అన్న మాట. డబ్బు పెట్టి కొన్న స్కిన్లను (గేమ్‌లో మన ఆటగాడికి, తుపాకులకు వేసే డిజైన్లను) వాడుకునే అనుమతి మాత్రమే మనకు ఉంటుంది. దాన్ని అమ్మడం, ఇంకొకరికి ఇవ్వడం కుదరదని నిబంధనల్లోనే ఉంటుంది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021లో దాని భారత వెర్షన్ బీజీఎంఐ వచ్చినప్పుడు పాత స్కిన్లు అందులోకి తెచ్చుకోవాలంటే పాత ఐడీకి లింక్ చేసిన ఫేస్‌బుక్, ట్విట్టర్ లాంటి ఖాతాతోనే లాగిన్ కావాల్సి వచ్చింది. ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటే స్కిన్లు వాళ్లవే. వేరేవాళ్ల దగ్గర ఐడీ కొన్నవాళ్లకు ఆ రోజు అడగడానికి దారి లేదు.

ఆ మెసేజ్ అసలు ఎత్తనిది ఇంకోటి ఉంది. గేమ్ గూగుల్ ఖాతాతో లింక్ అయి ఉంటే, మీరు ఇచ్చేది ఒక్క గేమ్‌నే కాదు. జీమెయిల్, ఫోటోలు, కాంటాక్టులు అన్నీ ఆ పాస్‌వర్డ్ వెనకే ఉంటాయి. మోసపూరితంగా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవచ్చు. కానీ పోయిన ర్యాంక్‌ను పోలీసులు తెచ్చివ్వలేరు.

ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రాత్రే గూగుల్ ఖాతా సెక్యూరిటీలోకి వెళ్లి, ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూడండి. మీది కాని ప్రతి ఫోన్‌నూ సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ) పెట్టండి. దోస్తు అలిగితే అలగనివ్వండి.