పేరు మిగిలింది, ఊరివాళ్లే లేరు

అలాస్కాలోని డెనాలి శిఖరం 2025 జనవరిలో మళ్లీ మౌంట్ మెకిన్లీ అయింది. స్థానిక తెగలు పిలుచుకునే పేరును 2015లో ఒబామా ప్రభుత్వం అధికారికం చేస్తే, పదేళ్లు తిరక్కుండానే ట్రంప్ ఒక్క సంతకంతో పాత పేరు తెచ్చారు. మెకిన్లీ అలాస్కాలో అడుగు పెట్టినవాడు కాదు, ఒహాయోలో పుట్టిన అధ్యక్షుడు. తమాషా ఏమిటంటే ఆ ఒహాయో అన్నదే సెనెకా తెగ మాట. మంచి నది, గొప్ప నది అని అర్థం చెబుతారు.

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఈ పండగ పూట ఆ రాష్ట్రానికి పేరిచ్చిన ఒహాయో నది ఒడ్డునున్న ఊళ్ల పేర్లను కాస్త నిదానంగా చదవడం మంచిదని మేం అనుకుంటున్నాం.

1788లో జాన్ ఫిల్సన్ అనే బడిపంతులు లికింగ్ నది ఒహాయోలో కలిసేచోటికి ఎదురుగా వెలుస్తున్న ఊరికి ఒక పేరు కట్టాడు. లికింగ్‌లోంచి ‘ఎల్’, నోరు అనే లాటిన్ మాట ‘ఓస్’, ఎదురు అనే గ్రీకు మాట ‘యాంటీ’, ఊరు అనే ఫ్రెంచి మాట ‘విల్’. మొత్తం కలిపితే లొసాంటివిల్. నాలుగు గుడ్డపేలికలతో కుట్టిన బొంత. ఆ ఏడాదే పంతులు సర్వేకి వెళ్లి అడవిలో కనిపించకుండా పోయాడు. 1790లో వచ్చిన గవర్నర్ సెయింట్ క్లెయిర్‌కి ఆ పేరు నచ్చలేదు. తాను సభ్యుడిగా ఉన్న మాజీ సైనికాధికారుల సంఘం పేరు తగిలించాడు. ఇవాళ మనవాళ్ల పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్న సిన్సినాటి అదే.

ఇంకొంచెం దిగువన లూయీవిల్. యుద్ధంలో సాయపడ్డ ఫ్రెంచి రాజు పదహారో లూయీ పేరు 1780లో పెట్టారు. ఎగువన మారియెట్టాకి 1788లో ఆయన రాణి మేరీ ఆంట్వానెట్ పేరు. ఒక రాజు వద్దని తిరగబడ్డవాళ్లు ఇంకో రాజుకి మొక్కారన్నమాట! 1793లో ప్యారిస్‌లో ఆ ఆలుమగలిద్దరి తలలూ తెగిపడ్డాయి. ఊళ్ల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

పేర్లు ఎవరి ఇష్టం వాళ్లు పెట్టుకున్నా ఊళ్లను నిలబెట్టింది నదే. లూయీవిల్ దగ్గర ఒహాయో రెండు మైళ్లలో 26 అడుగులు దిగుతుంది. పడవ ఆపాలి, సరుకు దింపాలి, బండ్ల మీద అవతలికి మోయాలి. మోతగాళ్లు, సత్రాలు, గోదాములు అన్నీ ఆ రాళ్ల పుణ్యమే.

ఆ పడవలు మన గోదావరి పంటులాంటివి. అడుగు చదును, పలకల గోడలు, వెనక ఒక పొడవాటి తెడ్డు. ఏటివాలుకి పోవడమే గానీ ఎదురెక్కడం వాటి వల్ల కాదు. పిండి, ఉప్పుమాంసం, పొగాకు, విస్కీ నింపుకుని, మిసిసిపీ నదిలోకి దిగి దాని చివరనున్న న్యూఆర్లీన్స్ రేవు చేరాక సరుకుతోపాటు పడవనీ విప్పి కలపగా అమ్మేసేవారు. అక్కడి కొన్ని పాత ఇళ్ల గోడల్లో ఆ పలకలు ఇప్పటికీ ఉన్నాయి. తిరుగుదారిలో డబ్బు నడుముకు కట్టుకుని నాచెజ్ నుంచి నాష్‌విల్ దాకా సుమారు 700 కిలోమీటర్ల అడవిదారి నడక. దారిలో దోపిడీ భయం ఒకటి. 1811లో పిట్స్‌బర్గ్ నుంచి తొలి ఆవిరి పడవ బయల్దేరింది. ఆ తర్వాతే మెల్లగా ఈ కాలినడక తప్పింది.

అందుకే 1802లో న్యూఆర్లీన్స్‌లోని స్పెయిన్ అధికారి అమెరికన్లు సరుకు దించి నిల్వ చేసుకునే హక్కు ఎత్తేయగానే కెంటకీ రైతులకు ఊపిరాడలేదు. అధ్యక్షుడు జెఫర్సన్ దూతలు ఆ రేవు కొనడానికి ప్యారిస్ వెళ్లి, 1803లో కోటిన్నర డాలర్లకు లూజియానా మొత్తం కొనుక్కొచ్చారు. స్పెయిన్ అప్పటికే ఆ ప్రాంతాన్ని ఫ్రాన్స్‌కి రాసిచ్చేసింది కాబట్టి బేరం నెపోలియన్‌తో జరిగింది. ఆ నేల మీద బతుకుతున్న తెగలను అడిగినవాళ్లు లేరు.

ఒహాయో తీరంలోనూ అంతే. షానీ తదితర తెగలు 1791లో ఇదే సెయింట్ క్లెయిర్ సైన్యాన్ని చిత్తుగా ఓడించాయి. 1794లో ఓడి, మరుసటి ఏడాది గ్రీన్‌విల్ ఒప్పందంలో నేటి ఒహాయోలో చాలా భాగం వదులుకున్నాయి. 1843లో వయండాట్ తెగవాళ్లు కూడా వెళ్లిపోయారు. ఇదే నది మీద నల్లజాతి బానిసలనూ సరుకులాగే దక్షిణాది పత్తితోటలకు దింపారు. నమ్మించి ముంచడాన్ని ఇంగ్లీషులో ‘నది దిగువకు అమ్మేయడం’ అంటారు. ఆఫీసుల్లో ఇప్పటికీ తేలిగ్గా వాడే ఆ మాట పుట్టింది వాళ్ల కన్నీళ్లలోనే.

ఉన్న పేర్లన్నీ తుడిచేయాలని మేం అనడం లేదు. లూయీవిల్‌ని లూయీవిల్‌గానే ఉండనివ్వండి. కానీ శిఖరం పేరు మార్చడానికి ఉన్న ఉత్సాహంలో పదోవంతైనా పేర్ల వెనక కథ రాసిపెట్టడానికి ఉండాలి. ఆ పని చేయొచ్చని ఒహాయోనే చూపించింది. జీనియా దగ్గర పాత షానీ ఊరు ఉన్నచోట 2024లో ఒక పార్కు తెరిచారు. లోపల చెప్పాల్సిన చరిత్రను మూడు షానీ తెగలను సంప్రదించే సిద్ధం చేశారు.

ఒహాయో 1803లో రాష్ట్రమైనప్పుడు తొలి రాజధాని చిల్లికాతీ. అది షానీ మాట. ఆ మాట సొంతదారుల తెగ ప్రభుత్వాలు మూడూ ఇప్పుడు ఓక్లహామాలో ఉన్నాయి. ఒహాయోలో కేంద్ర ప్రభుత్వం గుర్తించిన తెగ ఒక్కటీ లేదు.