నూకితే నడుస్తది కదా, ఇంకేం కావాలి సారూ?

"మంచిగనే అయితుంది కదా సారూ, ఏమైంది దీనికి?"

ఎనిమిది నెలల్లో ఈ మాట నేను పదకొండు సార్లు విన్నాను. అన్న మనిషి ఒక్కడే, మా కారు మెకానిక్. చోటూ ఒక్కటే, షెడ్డు ముందర వేపచెట్టు కింద. నా కారు పొద్దున ఇంటి ముందు మొండికేస్తుంది, మధ్యాహ్నం బ్యాంకు ముందు మొండికేస్తుంది, పెళ్లికి పోతే ఫంక్షన్ హాలు గేటుకు అడ్డంగా నిలబడి మరీ మొండికేస్తుంది. అదే షెడ్డు ముందరికి పోయి తాళం తిప్పితే మాత్రం డీఈఓ వచ్చిన రోజు బడిపిల్లాడిలా బుద్ధిగా లేచి నిలబడుతుంది. మా నల్గొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా కదలని నీడను చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు గానీ, మా మెకానిక్ వేపచెట్టు నీడ అంతకంటే మహిమ గలది. దాని కిందికి వచ్చిన ఏ బండికీ రోగం ఉండదు. టూరిజం వాళ్లకు ఇంకా తెలియదు, అంతే.

బండి గురించి రెండు ముక్కలు. 2007 మోడల్, పెట్రోల్, తిరిగింది 2,70,000 కిలోమీటర్లు. నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 24 అనే ఉంటుంది. రాష్ట్రం వచ్చాక జిల్లాకు టీఎస్ 05 వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ వచ్చింది, మా బండి మాత్రం అన్నీ చూస్తూ అట్లాగే ఉంది. 15 ఏళ్లు నిండినప్పుడు ఆర్టీఏ ఆఫీసుకు తోలుకపోయి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఇంకో అయిదేళ్ల ఆయుష్షు పోయించుకొచ్చాను. అంటే ఈ బండి బతికే ఉందని సర్కారు ఒప్పుకుంది. సెల్ఫే ఒప్పుకుంటలేదు.

రోగం ఇది. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలుగుతాయి. హారన్ మోగుతుంది. వెనక సీటు కింద పెట్రోల్ మోటర్ సన్నగా గుంయ్‌మంటుంది. ముందు నుంచి ఒక్క "టక్". అంతే. ఇంజన్ తిరగదు. రోజూ కాదు సుమా, రోజూ అయితే దానికీ ఒక మర్యాద ఉండేది. ఇరవై రోజులు ఏమీ ఉండదు, నీకు అనుమానం తీరి పాలప్యాకెట్‌కు కూడా కారులో పోవడం మొదలుపెట్టాక, వరసగా మూడు రోజులు టక్, టక్, టక్.

ఒకసారి గడియారం సెంటర్లో ఆగింది. సాయంత్రం ఆరున్నర. నల్గొండ తెలిసినవాళ్లకు ఆ టైముకు ఆ చోటు ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లు అదృష్టవంతులు. నేను దిగి బోనెట్ ఎత్తీ ఎత్తకముందే నిపుణుల సంఘం సమావేశమైంది. ఎవరూ పిలవలేదు, కోరం నిండిపోయింది. మొదట ఆటో అన్న: "బ్యాటరీ డౌన్ అయింది." హారన్ మోగుతుంది కదన్నా అంటే, "హారన్ వేరే" అన్నాడు. వేరే అంటే ఏంటో ఇప్పటికీ తెలియదు. కొబ్బరి బోండాలాయన కత్తి చేతిలో పట్టుకునే వచ్చి పెట్రోల్‌ల నీళ్లు కలిసినయని తేల్చాడు. గొడుగు పట్టుకున్న రిటైర్డు పెద్దమనిషి ఒకాయన అసలు ఇంజన్ వైపు చూడకుండానే "సెన్సార్లు వచ్చినంక బండ్లు ఖరాబైనయి" అని తీర్పు చెప్పి, తన స్కూటరు 1984 నుంచి ఎట్లా నడిచిందో, దాన్ని ఏ కోణంలో వంచితే స్టార్ట్ అయ్యేదో, వంచి చూపించాడు. స్కూటరు లేదు, మనిషే వంగాడు. మిర్చిబజ్జీ పొట్లంతో వచ్చిన పిల్లగాడు "అంకుల్, పెట్రోల్ ఉందా?" అని అడిగాడు, ఆ మాటకొస్తే ఆ సభలో పనికొచ్చే ప్రశ్న వేసింది వాడొక్కడే. ఇంకొకాయన అమాస నాడు చెర్వుగట్టుకు తీసుకపోయి కొబ్బరికాయ కొట్టమన్నాడు. "పాతదాన్ని అమ్మి కొత్తది తీస్కో, ఈఎంఐ ఇస్తరు" అన్నాయన కూడా ఉన్నాడు, ప్రతిచోటా ఉంటాడు, ఆయన ఈఎంఐ కడుతున్నాడు కాబట్టి ఊరంతా కట్టాలి.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు: "నూకుర్రి!"

సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. సెకండ్ గేర్, క్లచ్ తొక్కి పట్టుకున్నా, ఆరుగురు నూకారు, క్లచ్ వదిలానో లేదో ఇంజన్ గుర్రుమని అందుకుంది. ఒక్క దగ్గు లేదు, ఒక్క తడబాటు లేదు. అద్దంలో చూస్తే ఆరుగురూ ఎవరికి వారే "నేను జెప్పలే?" అంటున్నారు. బోండాలాయన కూడా.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఈ నూకుడులోనే మొత్తం కథ ఉంది. నూకితే వెంటనే అందుకుంది అంటే ఏంటి? పెట్రోల్ వస్తుంది. మంట పుడుతుంది. ఇంజన్ దిట్టంగా ఉంది. సెన్సార్లు వాటి పని అవి చేస్తున్నాయి. లేనిదల్లా ఇంజన్‌ను మొదట తిప్పే ఆ ఒక్క తిప్పు. అంటే రోగం ఉంటే బ్యాటరీలోనో, సెల్ఫ్ మోటర్‌లోనో, ఆ రెండింటి మధ్యనున్న నాలుగు వైర్లలోనో బోల్టుల్లోనో ఉండాలి. ఇది పదో తరగతి పిల్లలకు చెప్పినా అర్థమవుతుంది. మా షెడ్డులో చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు. విని పెట్రోల్ మోటర్ మార్చాడు. 5,500.

అంతకుముందే బ్యాటరీ మార్చాడు, 4,200. పాత బ్యాటరీకి ఏడాదిన్నర కూడా నిండలేదు. కొన్న తేదీ మర్చిపోకుండా దాని నెత్తి మీద మా పాప గోళ్ల రంగుతో రాసుకున్నాను కాబట్టి నాకు గుర్తే. "లోపల సెల్లు పోయింది సారూ" అన్నాడు. వోల్టులు చూసే మీటరు పెట్టాడా? చెయ్యి పెట్టాడు. జ్వరం చూసినట్టు బ్యాటరీ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, సెల్లు పోయిందన్నాడు. పాతది అక్కడే వదిలేస్తే 800 తగ్గించాడు. మధ్యలో యాక్సిలరేటర్ పెడల్ గట్టిబడితే కేబుల్ మార్చాడు, 650. తీసిన కేబుల్ చూస్తే లోపలి ప్లాస్టిక్ మాడిపోయి ఉంది. ఇదెందుకు మాడింది అని అడిగితే "ఎండలు" అన్నాడు. డిసెంబర్ నెల.

ఆఖరికి మే నెలలో సెల్ఫ్ మోటర్. 3,800, నెల గ్యారంటీ, "ఇగ మీరు నిశ్చింతగా తిరుగుర్రి".

నిశ్చింతగా తిరిగాను. మరుసటి రోజే. మా అమ్మకు మిర్యాలగూడలో కంటి ఆపరేషన్ అయి నాలుగో రోజు, చూపించి తీసుకొస్తున్నాను. వేములపల్లిలో మంచినీళ్ల సీసా కోసం రెండు నిమిషాలు ఆపాను. మళ్లీ తాళం తిప్పితే, టక్. మధ్యాహ్నం రెండు గంటలు, 44 డిగ్రీల ఎండ, రోడ్డు మీద పిట్ట లేదు. ఫోన్ చేస్తే "ఇంజన్ సల్లగయ్యేదాంక ఆగుర్రి సారూ" అన్నాడు. నల్గొండ జిల్లాలో, మే నెలలో, సల్లగయ్యేదాకా! నేను డోరు పట్టుకుని ఒక్కణ్ణే నూకుతుంటే బండి అడుగు కదిలి ఆగింది, మళ్లీ నూకితే తేలికైంది. తిరిగి చూస్తే మా అమ్మ. డెబ్బై రెండేళ్ల మనిషి, కంటికి పచ్చ గుడ్డ, వంగొద్దు, బరువు ఎత్తొద్దు అని డాక్టరు రాసిచ్చిన చీటీ చేతిసంచిలో ఉంది, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నూకుతుంది. "ఒక్కనివే ఎంత నూకుతవ్ బిడ్డా" అంది.

నవ్వుతూ రాద్దామని కూర్చున్నాను, ఇక్కడికొచ్చేసరికి నా వల్ల కావడం లేదు. నీకు తెలియకపోతే తెలియదని చెప్పు. తప్పేం లేదు, నాకూ తెలియదు. కానీ తెలియదనే ఒక్క మాట అనలేక, రెండు వందల రూపాయల మీటరు ఒక్కసారి పెట్టలేక, నా జేబులోంచి తీసి నీ ఊహలన్నీ ఒక్కొక్కటే కొనిపించావు. ఊహ తప్పయితే నీకేం పోయింది? ఎండలో నిలబడింది నువ్వు కాదు.

సరే. మీటరు నేనే కొన్నాను. ఆ తర్వాత నేను చేసిన గొప్ప పని ఏమీ లేదు, బండి ఆగేదాకా ఆగడం. పన్నెండో రోజు పొద్దున ఇంటి ముందు టక్‌మంది. చప్పుడు విని అలవాటుగా ఎదురింటాయనా, పక్కింటి పిల్లలిద్దరూ చేతులు మడుచుకుంటూ వచ్చేశారు. దండం పెట్టి ఆపాను. "నూకొద్దు. ఎవ్వరూ నూకొద్దు." నన్నదో రకంగా చూశారు. బ్యాటరీ చూస్తే 12.5 వోల్టులు. మా ఆవిడను కూర్చోబెట్టి తాళం తిప్పి పట్టుకోమన్నాను. ఆ టైములోనూ 12 దగ్గరే ఉంది, అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధం, తీసుకునేవాడికే దారి లేదు. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొసను ఇంజన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తిప్పమన్నాను. రెండూ ఒకటే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి కదా, ఆ మధ్య మహా అయితే అర వోల్టు కూడా ఉండకూడదు. 4.1 చూపించింది.

గేరుబాక్సు కింద ఎర్త్ వైరు బోల్టు. పైన ఆయిలూ దుమ్మూ కలిసిన ముద్ద, కింద పచ్చగా చిలుము. ఒకరోజు అంటుకుంటుంది, ఒకరోజు అంటుకోదు. అంటుకోని రోజు సెల్ఫ్ మోటర్ కరెంటు ఇంకో దారి లేక సన్నని యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోవడానికి చూసి దాన్ని మాడ్చింది. ఎండలంట!

గరుకు కాగితం ముక్క, పదమూడో నంబరు స్పానర్, పావుగంట. మూడు నెలలైంది, మళ్లీ టక్ అనలేదు.

చెప్పకుండా ఉండలేక షెడ్డుకు పోయాను. వేపచెట్టు కింద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మొత్తం విని "నేను మొదట్నే ఎర్త్ అన్న కదా సారూ" అన్నాడు. గొడవ పెట్టుకుందామనే నోరు తెరిచాను, అంతలో ఎవరిదో బండి ఎక్కడో ఆగిందని ఫోన్ వచ్చింది. లేచి తన ట్రాలీ ఆటో ఎక్కాడు. సీటు కింద మూత లేదు, బ్యాటరీ కనబడుతుంది. దాని నెత్తి మీద గులాబీ రంగు గోళ్ల రంగుతో నా చేతిరాత, తేదీతో సహా.

ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది.