తప్పులు ఒప్పుకునే కొలత ఒక కొలతేనా?

కాజీపేట జంక్షన్‌లో రైలు కోసం నిలబడిన ప్రతివారూ పసుపు బోర్డు అడుగున ఊరి ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కగట్టి రాసిన అంకెను చూసే ఉంటారు. ఆ సముద్రాన్ని ఆకాశం నుంచి కొలిచేవారి నిర్వాకం తెలిసిన నాటి నుంచి నాకు ఆ అంకె మీద నమ్మకం సడలింది.

1992లో టోపెక్స్/పొసైడాన్ అనే ఉపగ్రహాన్ని 1336 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అది వదిలిన రాడార్ తరంగం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం కట్టి, ఆ దూరాన్ని ఉపగ్రహం ఎత్తులోంచి తీసేస్తే నీటిమట్టం తేలుతుంది. సెకనులో వంద కోట్లో వంతు పొరపడితే 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఇంతవరకు ముచ్చటగానే ఉన్నది. సిగ్గు విడిచిన ఒప్పుకోళ్లు ఆ తరువాతే మొదలవుతాయి. పొడి గాలి తరంగాన్ని ఆలస్యం చేసి దూరాన్ని రెండు మీటర్లకు పైగా పెంచి చూపిస్తుందట, గాలిలోని తేమ మరికొన్ని సెంటీమీటర్లు కలుపుతుందట. అలల శిఖరాల కంటే పల్లాలే తరంగాన్ని గట్టిగా తిప్పికొడతాయి కనుక సముద్రం ఉన్నదానికంటే కిందికి కనిపిస్తుందట. 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన మన సరళ్ ఉపగ్రహం, తరంగాన్ని ఆలస్యం చేసే పై వాతావరణపు విద్యుదావేశ పొర అయనోస్ఫియర్ బెడదను తగ్గించుకున్నది గానీ, పేరుకు సరళమైనా వానకు జడుస్తుంది. పోనీ ఒడ్డున పాతిన కొలబద్దలతో సరిచూద్దామంటే, ఆ ఒడ్డే కుంగుతున్నదేమోనని మళ్లీ అనుమానం. ఇన్ని దిద్దుబాట్ల తరువాత కూడా ఒక్కో కొలతలో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా ఉండవచ్చునని తామే రాసి పెట్టుకుంటారు.

హన్మకొండలో మా కాలనీ నాలా కట్టిన కాంట్రాక్టరు గారి లెక్కలో ఇటువంటి బలహీనతలు లేవు. మేస్త్రి పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి, ఒక కొస మా ప్రహరీకి, మరొక కొస మోరీ గట్టుకు ఆనించి బొగ్గుతో గీత గీశాడు. పైపు నడుమ గోలీకాయంత గాలిబుడగ నిలిచి ఉన్నది. బుడగ ఉంటే మట్టం తప్పుతుందని వేలు పెట్టి చూపించాను.

"ఏం గాదు సార్, నీళ్లు పల్లానికే పోతయి" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజమైంది. మొదటి పెద్దవానకే నాలా నీళ్లు పల్లం వెతుక్కుంటూ వచ్చి మా వంటగదిలో బియ్యం డబ్బాను తేలించాయి. కాంట్రాక్టరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గడప దగ్గర నిలబడి కాసేపు పరిశీలించి, నాలా కొలతలో దోషమేమీ లేదనీ, మా ఇల్లే కుంగిందనీ తేల్చారు.