పుర్రెలు ఏమయ్యాయి?

తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకల మీద మీ వ్యాసం బాగుంది. కానీ "వరదొచ్చి మంద మొత్తం ఒక్కసారే పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అక్కడే నాకు పేచీ. దాదాపు 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి దొరికాయి, నిజమే. పుర్రె మాత్రం ఒక్కటీ లేదు, రెండు పళ్లు తప్ప!

మాది విశాఖ. హుద్‌హుద్ తుఫాను తర్వాత భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట ఒక గేదె కళేబరం పడి ఉండేది. కొన్ని నెలలకు వెళ్లి చూస్తే తల ఊడి ఎటో పోయింది. పక్కటెముకలు చెల్లాచెదురు, వాటి మీద కుక్కలు కొరికిన గాట్లు. వెన్నుపూసలు మాత్రం ఎండిన తోలుకు అతుక్కుని వరసగా అలాగే ఉన్నాయి. చచ్చింది ఒకరోజు, ఎముకలు కదిలింది ఎన్నాళ్లకో.

ఎముకలు ఒకేచోట దొరికాయని చావు కూడా ఒకేసారి అనుకోలేం కదండీ. పొడుగు ఎముకలు ప్రవాహం వాలుకు తిరిగి ఉన్నాయా, చిన్నవి కొట్టుకుపోయి పెద్దవే మిగిలాయా, చుట్టూ ఉన్నది ముతక ఇసుకరాయా, మెత్తటి బురదరాయా? ఇవి చూస్తేనే నీళ్లు వాటిని ఎలా కదిపాయో తెలిసేది. ఎముకల మీద ఎండకు విచ్చిన నెర్రెలుంటే, పూడకముందు చాలాకాలం బయటే పడి ఉన్నాయన్నమాట. అప్పుడు వరదకు బదులు కరువుతో చచ్చాయేమో అన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

అన్నట్టు, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం తల కూడా ఊహించి చేసిందే. ఆ సంగతీ రాసి ఉండాల్సింది.