సగటు తీస్తే తప్పదట!

పొద్దున్నుంచి ఇది ఐదోసారి. వాకింగ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఖరికి మా పిన్ని కూతురి పెళ్లి పనుల కోసం పెట్టిన గ్రూపులో కూడా అదే మెసేజ్. అక్కడ పెట్టింది స్వయంగా బాబాయే. ‘ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో తెలియాలంటే ఒక్క సర్వేని నమ్మకండి. సర్వేలు, బెట్టింగ్ రేట్లు, నిపుణుల అంచనాలు అన్నీ కలిపి సగటు తీయండి. తప్పులన్నీ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. అమెరికాలో 99 శాతం కరెక్ట్ అయింది. ధైర్యంగా పందెం కాయండి.’

జాతకాలు కూడా కలపమన్న ఆఖరి లైను జోలికి నేను పోను.

అమెరికా సంగతా? 2016లో ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ శామ్ వాంగ్ సర్వేలన్నీ కలిపి లెక్కేసి, హిల్లరీ గెలుపు 99 శాతం ఖాయమన్నాడు. ట్రంప్‌కి 240 ఎలక్టోరల్ ఓట్లు (అక్కడ గెలుపు తేల్చేవి రాష్ట్రాల వారీగా వచ్చే ఈ ఓట్లే) దాటితే పురుగు తింటానని కూడా అన్నాడు. దాటాయి. పాపం, మాట తప్పకుండా టీవీలో తేనె కలిపి కీచురాయిని నమిలాడు.

తప్పులు కొట్టుకుపోవాలంటే ఒకరిది అటు, ఒకరిది ఇటు పోవాలి. అందరూ ఒకే వైపు తప్పితే? వంకర తక్కెడలో పదిసార్లు తూచి సగటు తీస్తే బరువు సరిపోతుందా? 2024 లోక్‌సభ ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం ఎన్డీయేకి 350 సీట్ల పైనే ఇచ్చాయి. వచ్చినవి 293. ఎవరికి వేశారో చెప్పడానికి జంకే ఓటరు ఒక సర్వేవాడి దగ్గర జంకి, ఇంకొకడి దగ్గర నోరు విప్పడు కదా. పైగా ఆ బెట్టింగ్ రాయుళ్లు, టీవీ నిపుణులు పొద్దున్నే చదివేది ఆ సర్వేలనే. చెప్పిందే మళ్లీ చెప్పించుకుని ‘మూడు పద్ధతులు’ అనడం ఎందుకు?

ఇక పందెం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2024 ఆంధ్రా అసెంబ్లీకి టీడీపీ-జనసేన-బీజేపీ కూటమి సీట్లు కేకే సర్వే 161 అంది, యాక్సిస్ మై ఇండియా 98 నుంచి 120 అంది, ఆరా 71 నుంచి 81 అంది. మధ్య అంకెలు తీసుకుని ఈ మూడూ కలిపి సగటు తీయండి: 115. వచ్చినవి 164! నిజానికి దగ్గరగా వచ్చినవాడిని మిగతా ఇద్దరితో కలిపి ముంచేసింది మీ సగటే. మా వీధి చివర పాలకేంద్రం ఆయన ఇలాంటి లెక్కే వేసుకుని ‘130 దాటదు’ అని యాభై వేలు కాశాడు. జూన్ 4న పదకొండు గంటలకల్లా టీవీ కట్టేసి, షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాడు. ఆయనకి ఈ మెసేజ్ పంపండి, సంతోషిస్తాడు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఓట్ల శాతం వరకైతే, కళ్లు మూసుకుని ఏదో ఒక సర్వేని పట్టుకోవడం కంటే సగటే నయం. 2016లో కూడా జనం వేసిన మొత్తం ఓట్లలో హిల్లరీయే దాదాపు 29 లక్షలు ముందుంది. నేనూ సగటే చూస్తాను, దాచడం దేనికి? కానీ ఓట్లు వేరు, సీట్లు వేరు. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతమే, సీట్లు 11. అవతలి మూడు పార్టీలు చేతులు కలిపితే అదే 39కి విలువ మారిపోయింది. ఇది ఏ సగటులో పట్టుకుంటారు?

ఇంతకీ ఆ పెళ్లి గ్రూపులోనే భోజనాలకి ఎంతమంది వస్తారన్న గొడవ నడుస్తోంది. పిన్ని నాలుగొందలంటోంది, బాబాయ్ ఏడొందలంటున్నాడు. సగటు తీసి వంటవాడికి చెప్పు బాబాయ్, చూద్దాం.