నేల గుణాన్ని ఒక్క వాక్యంతో దాటేశారు

మట్టి కోతపై మీరు వేసిన వ్యాసంలో, వాన, వాలు ఎక్కువైతే కోత పెరుగుతుందని రాశారు. నిజమే. కానీ నేల గుణాన్ని ఒక్క వాక్యంతో వదిలేయడం బాధనిపించింది, అసలు విషయమంతా అక్కడే ఉంది కదా! పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను కొడుతుంది. పైన గడ్డీ ఆకులూ లేకపోతే మట్టి పెళ్లలు చితికిపోయి, సన్నటి రేణువులు నేలలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. పైపొర అట్టకడుతుంది. ఆ తర్వాత లోపల నేల ఎండిపోయి ఉన్నా సరే, నీరు ఇంకకుండా మట్టిని వెంటబెట్టుకుని పారిపోతుంది.

అన్నిటికంటే సులువుగా కొట్టుకుపోయేది సిల్ట్ (ఇసుక కంటే సన్నగా, బంకమట్టి కంటే ముతకగా ఉండే రేణువులు) ఎక్కువున్న నేల. ఇసుక రేణువుకు బరువుంది, బంకమట్టికి అతుక్కునే గుణముంది, సిల్ట్‌కు రెండూ తక్కువే. మట్టి కోత ఎంతుంటుందో అంచనా వేయడానికి అమెరికా శాస్త్రవేత్తలు విష్‌మయర్, స్మిత్ 1978లో ప్రచురించిన సమీకరణంలో కూడా నేల కోత గుణానికి విడిగా ఒక అంకె ఉంది. దాన్ని 22.1 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న ప్రామాణిక మడి ఆధారంగా లెక్కిస్తారు.

తమ నేల కోతను ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడానికి పాఠకులు ఎవరైనా ఒక పరీక్ష చేయొచ్చు. బాగా ఎండిన మట్టిపెళ్లను మెల్లగా గ్లాసు నీళ్లలో వేయండి. సేంద్రియ పదార్థం బాగా ఉన్న మట్టి చాలాసేపు విడిపోకుండా నిలుస్తుంది, లేనిది చూస్తుండగానే కరిగిపోతుంది.