సవరణ: ‘యోగః కర్మసు కౌశలమ్’ పతంజలి సూత్రం కాదు

తిరుపతిలో అలిపిరి దగ్గర మేము చేసే ఉదయపు యోగసాధన గురించి గత వారం రాసినప్పుడు, ‘యోగః కర్మసు కౌశలమ్’ (కర్మల్లో నేర్పే యోగం) అన్న మాటను యోగసూత్రాల కర్త పతంజలి సూత్రంగా పేర్కొన్నాను; అది పొరపాటు, ఆ మాట భగవద్గీత 2వ అధ్యాయం 50వ శ్లోకంలోనిది. పతంజలి ఇచ్చిన నిర్వచనం ‘యోగశ్చిత్తవృత్తినిరోధః’ (యోగసూత్రాలు 1.2), అంటే చిత్తవృత్తుల (మనసులో కదిలే ఆలోచనల) నిరోధమే యోగం.

నిరోధమంటే ఆలోచనలను బలవంతంగా ఆపేయడమని రాయడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ మాట నమ్మి మాతో కూర్చునే ఒక పెద్దాయన నిన్న కనుబొమలు ముడివేసి, ఊపిరి బిగబట్టి, చెమటోడుస్తూ కనిపించారు. నిరోధం అభ్యాసవైరాగ్యాల (పట్టువదలని సాధన, కోరికల పట్ల అనాసక్తి) వల్ల కలుగుతుందని 1.12 సూత్రం చెబుతోంది. మెట్లెక్కే భక్తుల గోవిందనామాలు చెవిన పడి మనసు అటు మళ్లినా, విసుక్కోకుండా దాన్ని తిరిగి శ్వాస దగ్గరికి తెచ్చుకోవడమే మా సాధన. ‘స్థిరసుఖమాసనమ్’ (2.46), అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం అన్నారు కనుక, మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలోనైనా కూర్చోవచ్చు. ఆ పెద్దాయనకు ఈ ఉదయమే క్షమాపణ చెప్పుకున్నాను.